బంతి కదలకముందు

ఒళ్లో లాప్‌టాప్, దాని మీద మీనా ఆంటీ ఇచ్చిన పులిహోర డబ్బా, డబ్బా మూత మీద ఫెబీ రెండు చేతులు. మూత ఇంకా వెచ్చగా ఉంది. ఆ వేడి కింద, లాప్‌టాప్ లోపల, పదకొండు ఖాళీ గళ్లున్నాయి. రెండింటిలోపు వాటిని పంపాలి, ఇప్పుడు పన్నెండుంబావు. కారు ఇంకా నోవైలో ఆంటీ వాళ్ల ఇంటి ముందే ఉంది. ఆంటీ చెప్పులతోనే మంచులోకి వచ్చి, కిటికీ దించమని వేలితో తట్టి, "వాడు ఫోన్ ముట్టుకుంటే చెయ్యి మీద ఒకటెయ్యి ఫెబీ. పులిహోర ఇద్దరికీ పెట్టాను, మొత్తం వాడే లాగించేస్తాడు, చూసుకో," అంది. స్టీరింగ్ వెనక ఇరుక్కుని కూర్చున్న నీల్, "అమ్మా, నేను త్రీ హండ్రెడ్ పౌండ్స్. నేనే ఇద్దరు," అన్నాడు. ఆంటీ నవ్వలేదు. కొడుకు చెంప మీద హెల్మెట్ పట్టీ కోసిన గీతను చూస్తూ, "ఆ బంతి విసిరే పిల్లాణ్ణి నిన్న ఎన్నిసార్లు పడేశార్రా. అడ్డం నిలబడాల్సింది నువ్వే కదా," అంది. ఆంటీకి ఆట గురించి తెలిసింది అంతే. వెంకటేశ్వర స్వామికి శనివారం ఉపవాసం ఎప్పటినుంచో ఉంది, మ్యాచ్‌లు కూడా శనివారాలే కావడంతో ఈ మూడేళ్లుగా అది జట్టు కోసం కూడా అయింది. "అవునమ్మా," అన్నాడు నీల్. కాదు ఆంటీ, అన్న మాట ఫెబీ పళ్ల దాకా వచ్చింది. అక్కడే ఆగింది. కారు కదిలింది.

ఐ-తొంభై ఆరు హైవే మీద రోడ్డు తడిగా నల్లగా ఉంది, పక్కలకు తోసిన మంచు మురికిపట్టి గట్టు కట్టింది. కాలేజీకి గంటా పది నిమిషాలు. ఫెబీ అమ్మకు చర్చిలోనే చెప్పి వచ్చేసింది, చివరి పాట కూడా అవకముందే. పాట మధ్యలో లేచి నడవలోంచి వెళ్తుంటే అందరూ తనవైపే చూస్తున్నట్టు చెవులు కాలిపోయాయి. నడవలోంచి నడవడానికే చెవులు కాలే పిల్ల తొంభై మంది మగపిల్లల జట్టులో ఏం చేస్తోందని చర్చిలో ఆంటీలు అడుగుతూనే ఉంటారు. నిజానికి మాట్లాడక్కర్లేదనే ఆ పనిలో చేరింది. కాలేజీలో విద్యార్థులకిచ్చే ఉద్యోగాల జాబితా చూస్తే లైబ్రరీలో మాట్లాడాలి, క్యాంటీన్‌లో మాట్లాడాలి. ఫుట్‌బాల్ జట్టుకు వీడియో తీసే పని ఒక్కటే ఆకాశంలో ఉంది. మైదానం చివర ఇనుప లిఫ్ట్ మీద, ముప్పై అడుగుల ఎత్తున, కెమెరా, తను, గాలి. ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది అనుకుని వచ్చిన అమ్మాయికి, ఒకరినొకరు గుద్దుకునే ఈ ఆట మొదట్లో జనరల్ బోగీ ఎక్కే తోపులాటలా కనిపించింది. చూడగా చూడగా తోపులాటలో ఒక వరస తేలింది. ఐదుగురు బరువైనవాళ్లు నేలకు వంగుతారు. నడిమివాడు, సెంటర్, బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి విసురుతాడు. వెనక అందుకున్నవాడు క్వార్టర్‌బ్యాక్. దాన్ని ఎవరికి విసరాలో అతను చూసుకునేవరకు ఎదుటివాళ్లను ఆ ఐదుగురూ ఆపాలి. మూడు సెకన్లు. నర్సయిన అమ్మ సూది గుచ్చి తీసేంత సేపు. ఆ మూడు సెకన్లు ఆపలేక వీళ్ల జట్టు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడింది. నిన్నయితే పాయింట్లొచ్చే చివరి గీతకు మూడు గజాల దూరంలో నాలుగు ప్రయత్నాలూ చేసి, మొదలుపెట్టిన చోటుకన్నా వెనక తేలారు. తిరుగు ప్రయాణంలో బస్సు మొత్తం మీద వినబడింది హీటర్ ఒక్కటే.

మ్యాచ్ తర్వాత వీడియోను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఎదురుగా పట్టిక నింపాలి. ఎన్నో ప్రయత్నం, ఎన్ని గజాలు, ఏమైంది. చివరి గడి పేరు 'ఎవరిది'. అడ్డు తప్పింది ఎవరిది అని. ఆ ఐదుగురి లైన్‌కు కోచ్ బ్రెన్నన్ మొదటిరోజే చెప్పాడు, తెలిస్తే నంబరు వెయ్యి, తెలియకపోతే వదిలెయ్, నేను చూసుకుంటాను అని. ఫెబీకి మొదటి మ్యాచ్‌లో తెలియలేదు, వదిలేసింది. తర్వాత తెలిసింది, అయినా వదిలేసింది. ఆదివారం మీటింగ్‌లో తెర మీద చూస్తే తను వదిలిన గళ్లన్నీ నిండి ఉండేవి. అరవై ఏడు, అరవై ఏడు, అరవై ఏడు. అరవై ఏడు నీల్. సెంటర్‌కు ఎడమ పక్కన వంగేవాడు. గోడలో కన్నం ఎప్పుడూ అక్కడే పడుతోంది గనక, కన్నం పక్కన ఉన్నవాడి నంబరు.

కారు బ్రైటన్ ఊరి బోర్డు దాటింది.

"డబ్బా ఓపెన్ చెయ్యి ఫెబీ."

"ఇప్పుడేగా అన్నం తిన్నావు అన్నయ్యా."

"అది లంచ్. ఇది రోడ్." ఒక చేత్తో రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద వేళ్ల మధ్య అలాగే ఆగింది. "అమ్మకి చెప్పకు. ఈ వీక్ నేను స్టార్ట్ చెయ్యను, బెంచ్ మీదే. నా ప్లేస్‌లో ఒక ఫ్రెష్‌మన్ ఆడతాడు. కోచ్ టుడే మీటింగ్‌లో అందరికీ చెప్తాడు. నా ఫస్ట్ స్టెప్ లేట్ అంట. ఫిల్మ్‌లో ఉంది అంట."

"లేట్ కాదు," అంది ఫెబీ. హీటర్ చప్పుడు దాటలేదు ఆ మాట.

"ఏంటి?"

"ఉప్పు సరిపోయిందా అని."

సరిపోయింది అన్నట్టు తలాడించి తిన్నాడు. ఫిల్మ్‌లో ఉంది అంట. ఫిల్మ్ తీసిన చేతులు పులిహోర డబ్బా మూత పెట్టడానికి తంటాలు పడుతున్నాయి, గాడి తప్పి, మళ్లీ గాడి తప్పి. ఫిల్మ్‌లో ఉన్నది ఉన్నట్టు లేదు. బంతి కదిలినప్పుడే ముక్క మొదలవ్వాలి, ముందు పనికిరాని సెకన్లు నాకొద్దు అని కోచ్ నియమం. బంతి కదిలేదాకా ఆగి రికార్డు నొక్కే ధైర్యం ఫెబీకి లేదు. బస్సు తప్పుతుందేమోనని గంట ముందే వెళ్లి స్టాపులో నిలబడే ఇంటి పిల్ల, వాళ్లు వంగుతుండగానే నొక్కేస్తుంది. తర్వాత గదిలో కూర్చుని ముందున్న నాలుగు సెకన్లూ తన చేత్తోనే కోసి పారేస్తుంది. కోసిన ముక్కలో నీల్ ఆలస్యంగానే కనబడతాడు. బంతి కదలగానే ఎదుటివాడు అతని ఛాతీలో ఉంటాడు. కోయనిదాంట్లో మాత్రం, నీల్ కదలకముందు, బంతి కదలకముందు, సెంటర్ చేతిలో బంతి ముక్కు కొంచెం పైకి లేస్తుంది. వేలెడు కూడా కాదు. లేస్తుంది, ఆగుతుంది, అప్పుడు వెనక్కి పోతుంది. మనవాళ్లు చూసేది ఎదుటి మనుషుల్ని, కాబట్టి వాళ్లకు కనబడదు. ఎదుటివాళ్లు చూసేది బంతినే. ముక్కు లేవగానే లేస్తారు. అందరికన్నా దగ్గరగా చూసేది నీల్ మీదికి వచ్చేవాడు. ఎవరిదో పిలుపు విని పరుగెత్తేవాడికీ, పిలుపు రాకముందే లేచినవాడికీ పందెం పెడితే ఎవడు గెలుస్తాడు. మూడు వారాల కిందటే ఫెబీ డైరీలో రాసుకుంది, 'యాభై రెండు, సెంటర్, బంతి ముక్కు ఎత్తుతున్నాడు, మొదటి మ్యాచ్‌లలో ఎత్తలేదు' అని. తెలుగులో రాసుకుంది. జట్టు మొత్తంలో ఆ అక్షరాలు కూడబలుక్కోగలిగినవాడు నీల్ ఒక్కడే, అతనికీ 'అమ్మ' దాటి రావు. నిజాన్ని ఎవరూ చదవలేని చోట భద్రంగా చెప్పేసి, దిండు కింద పెట్టుకుని పడుకుంది.

యాభై రెండు కోల్బీ కాకుండా ఇంకెవరైనా అయితే బాగుండేది. గాలి వేసిన రోజున లిఫ్ట్ ఊగుతుంటే కింద నిలబడి, ఫెబీ నేల మీద కాలు పెట్టేదాకా ఇనుప కమ్మీ పట్టుకునేవాడు కోల్బీ. అందరూ ఫీబీ అంటుంటే, మీ అమ్మ ఎలా పిలుస్తుంది అని అడిగి, రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి ఫెబీ అన్నవాడు. వాళ్ల నాన్న పెద్ద వంతెన అవతలి నుంచి, ఉత్తరాన ఉన్న మంచు ఊళ్లలోంచి, ప్రతి మ్యాచ్‌కూ ట్రక్కు వేసుకుని వస్తాడు, వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా చివరి వరసలో నిలబడతాడు. ఆయన్ని చూస్తే ఫెబీకి ధైర్యంగా ఉండేది, మాట్లాడనివాళ్లకు కూడా ఈ ఆటలో చోటుంది అని. ఇది కోల్బీకి ఆఖరి ఏడు. ఒకరోజు సామాన్ల గది పక్క సందులో, కాగితం గ్లాసు నిండా ఐసు పోసుకుని, కుడి బొటనవేలు అందులో ముంచి గోడకానుకుని ఉన్నాడు. వేలు వంకాయ రంగులో ఉంది. ఫెబీని చూసి, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టి నవ్వాడు. ఫెబీ కూడా నవ్వి తలాడించింది. బొటనవేలు వంగడం లేదు గనక బంతిని ఎత్తి పట్టు చూసుకుంటున్నాడు. వేలు సంగతి తెలిస్తే కోచ్ అతన్ని కూర్చోబెడతాడు. గడిలో నంబరు వెయ్యడమంటే ఆ ట్రక్కును వెనక్కి తిప్పి పంపడమే.

తను పేర్లు రాసే పిల్ల కాదు. ఎనిమిదో తరగతిలోనే తేల్చుకుంది. హోవెల్ దగ్గర పొలాలు మొదలయ్యాయి, తెల్లగా, గీతలు గీసిన నోటుపుస్తకంలా మొక్కజొన్న మోళ్లు. బాపట్ల దగ్గర వాళ్ల ఊరి హైస్కూల్లో నల్లబల్లకు ఎడమ మూల ఒక గీత, గీత పైన 'మాట్లాడినవారు' అని ఉండేది, ఏ మాస్టారూ చెరిపేవారు కాదు. లెక్కల మాస్టారు టీకి వెళ్తూ సుద్దముక్క క్లాసు లీడర్ చేతిలో పెట్టేవారు. ఫెబీ లీడరయింది చేతిరాత బాగుందని, ఇంకెందుకూ కాదు. చేతిరాత బాగున్నవాళ్ల చేతిలో సుద్దముక్క పెడితే పేర్లు అందంగా పడతాయి. చాముండేశ్వరి. ఆ పేరులో ఒత్తు దగ్గర సుద్ద కీచుమనేది. చాము ఎండలో నిలబడి ఉంది, వరండా బయట, ధ్వజస్తంభం పక్కన, లాంగ్ బెల్లు దాకా. చెంప మీద చెయ్యి. ఒక కాలు మీదికి ఒరిగి, ఇంకో కాలు మీదికి ఒరిగి. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాల దగ్గర ఫెబీ పక్కన కూర్చోలేదు, ఉసిరికాయలు పంచుకోలేదు, తొమ్మిదిలో సెక్షన్ మారిపోయింది. ఇంతా చేసి ఒక్క పేరు. పేరు రాస్తే అంతే జరుగుతుంది. అమెరికా వచ్చినా, భాష మారినా, పేరుకు బదులు నంబరయినా, అంతే జరుగుతుంది.

చెంప మీద చెయ్యి ఎందుకుంది?

వైపర్లు ఒకసారి తిరిగి ఆగాయి. పన్ను నొప్పి. ఆ రోజు చాముకు పన్ను నొప్పి, దవడ ఇంత లావయింది, పొద్దున్నే లవంగం పెట్టుకుని వచ్చింది. నోరు తెరవలేదు. నోరు తెరవని పిల్ల పేరు తను ఎందుకు రాస్తుంది? గోల చేసింది కిటికీ పక్క వరస. ఎవరెవరో కూడా గుర్తున్నారు. ఫెబీ నల్లబల్ల పక్కన నిలబడి వాళ్లను చూస్తోంది, వాళ్లు ఫెబీని చూస్తున్నారు, రాస్తే సాయంత్రం దారిలో చూసుకుంటాం అన్నట్టు. చేతి చెమటకు సుద్ద మెత్తబడింది. ఎండలో చాము కనబడుతోంది, బల్ల మూల కనబడుతోంది, ఇన్నేళ్లూ ఆ మూలలో తన చేతిరాతతో చాము పేరు కనబడుతూనే ఉంది. కానీ ఆ రోజు డైరీలో రాసిన వాక్యం వేరు. ఆ వాక్యం గర్వంగా రాసుకుంది, కింద గీత కూడా గీసుకుంది. 'ఈ రోజు నేను ఎవరి పేరూ రాయలేదు.' అవును. నల్లబల్ల మూల గీత కింద ఏమీ లేదు. మాస్టారు వచ్చి ఖాళీ మూలను చూసి, "ఎవరూ మాట్లాడలేదా? మరి గోల బజారు దాకా వినపడిందే," అన్నారు. తర్వాత ఎప్పుడూ చూసే చోటుకే చూశారు. పొడుగుదని చామును కూర్చోబెట్టిన ఆఖరి బెంచీకి. "చాముండేశ్వరీ, లే." చాము లేచి మాస్టారి వైపు చూడలేదు. ఫెబీ వైపు చూసింది. నువ్వు చూశావుగా అన్నట్టు. అంతే, ఆ చూపు ఒక్కటే, తర్వాత బయటికి నడిచింది.

ఫెబీ డబ్బా తీసి కాళ్ల దగ్గర పెట్టింది. లాప్‌టాప్ తెరిచింది. ఖాళీ గడి ఖాళీగా ఉంటుందనుకుంది, ఇన్నాళ్లూ. పట్టికలో మొదటి వరస, మొదటి ముక్క. నీల్‌కు కనబడకుండా తెరకు చెయ్యి అడ్డం పెట్టుకుని కోయని వీడియో ఇంకోసారి చూసింది. ముక్కు లేచింది. యాభై రెండు అని కొట్టింది. రెండోది. మూడోది చూస్తే ముక్కు లేవలేదు. అక్కడ నీల్ నిజంగానే జారాడు, తడి గడ్డి మీద ఎడమకాలు. ఒక్క క్షణం వేలు ఆగింది. అరవై ఏడు అని కొట్టింది. పక్కనే ఉన్నాడు, వాళ్లమ్మ పెట్టిన పులిహోర వాసన ఇంకా కారులోనే ఉంది, అయినా కొట్టింది. అది కొట్టాక మిగతావి కొట్టడం తేలికయింది. తొమ్మిదోది తమ క్వార్టర్‌బ్యాక్ తప్పే, చేతిలో అంతసేపు పెట్టుకుంటే ఎవరు మాత్రం ఆపుతారు. అతనిదీ వేసింది. పదకొండు నిండాయి. యాభై రెండు తొమ్మిదిసార్లు. పట్టిక పైన, ఎప్పుడూ చూసీ చూడనట్టు దాటిపోయే గడి ఒకటుంది, 'నింపినవారు' అని. మొదటి మ్యాచ్ నుంచీ అదీ ఖాళీయే. సుద్దముక్క పట్టుకున్నవాళ్ల పేరు బల్ల మీద ఎప్పుడూ ఉండదు. ఫెబీ అని కొట్టింది. చాలదనిపించి ఇంటిపేరు కూడా కొట్టింది.

"అన్నయ్యా, నీ ఫస్ట్ స్టెప్ లేట్ కాదు. ఒక్కసారి జారావు, అంతే. మిగతావి కోల్బీ బంతి ఎత్తడం వల్ల. బొటనవేలు దెబ్బతింది అతనికి. వీడియోలో ఉంది, ముందు భాగంలో."

నీల్ రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పలేదు. లాన్సింగ్ మొదటి ఎగ్జిట్ వెళ్లిపోయింది, రెండోది వెళ్లిపోయింది.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"మూడు వారాలు."

"త్రీ వీక్స్," అన్నాడు. కోపంగా అనలేదు, అదే కష్టంగా ఉంది వినడానికి. కారు వేగం కొంచెం తగ్గించి, "వదిలెయ్ ఫెబీ. కోల్బీకి లాస్ట్ ఇయర్. నాకు నెక్స్ట్ ఇయర్ ఉంది. నా నంబరే ఉండనీ, నాకు ఓకే," అన్నాడు.

"నీకు ఓకే అయినా బంతికి ఓకే కాదు. నిన్ను తీసి ఆ కుర్రాణ్ణి పెడతారు. అయినా ముక్కు లేస్తుంది. క్వార్టర్‌బ్యాక్ మళ్లీ పడతాడు. అప్పుడు ఆ కుర్రాడు లేట్ అంటారు. నాలుగు ఓటములు ఐదవుతాయి, ఆ వేలు ఇంకా పాడవుతుంది. కోల్బీకి మంచి చేస్తున్నామనుకుంటాం, కానీ ఇది మంచి కాదు." ఇంత పొడుగు మాట తన నోట రావడం ఫెబీకే వింతగా తోచింది. అయినా మధ్యలో ఆగలేదు. "ముందు కోల్బీ ఇంటి దగ్గర ఆపు. మీటింగ్‌లో తెర మీద చూసి తెలుసుకోకూడదు అతను."

"అతను నిన్ను అరిస్తే?"

"అరవనీ."

నీల్ మొదటిసారి నవ్వాడు, ముక్కుతో. "యు ఆర్ స్కేరీ, యు నో? డబ్బా ఇటివ్వు."

కోల్బీ అద్దె ఇల్లు మైదానం వెనక వీధిలో. వసారా మెట్ల మీద మంచు ఎవరూ తోయలేదు. ఒంటిగంటన్నర. నాలుగు మెట్లు, లిఫ్ట్ నిచ్చెనకన్నా తక్కువే, అయినా కమ్మీ పట్టుకుని ఎక్కింది. ఇంగ్లీషులో చెప్పాల్సిన వాక్యాన్ని కారులో ఏడుసార్లు అల్లుకుంది, తలుపు తట్టేసరికి ఒక్క ముక్క మిగల్లేదు. కోల్బీ ఎడమ చేత్తో తలుపు తీశాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"ఫెబీ," అన్నాడు, ఆమె అమ్మ పిలిచినట్టే.

అల్లుకున్నది పోతే పోయింది, చూసింది ఉంది. చూసింది చెప్పింది. బంతి ముక్కు ఎప్పుడు లేస్తోందో, ఎవరు దాన్ని చూసి లేస్తున్నారో, ఎన్నిసార్లో. తన చూపు అతని చెప్పుల మీదికి జారబోయినప్పుడల్లా పైకి లాక్కుంది. అతను అరవలేదు. జేబులోంచి చెయ్యి తీసి, బొటనవేలిని తనది కానట్టు చూసుకున్నాడు.

"పంపేశావా?"

"లేదు. రెండింటికి."

"పంపమంటావా వద్దా అని అడగడానికి వచ్చావా?"

"కాదు. పంపుతున్నానని చెప్పడానికి వచ్చాను."

వీధిలో కారులో నీల్ తల దించుకుని కూర్చున్నాడు, ఒళ్లో డబ్బా, మూత తియ్యలేదు. కోల్బీ అటు చూశాడు. ఇవాళ మీటింగ్‌లో ఎవర్ని లేపబోతున్నారో అతనికీ తెలుసు.

"చలిగా ఉంది, లోపలికి రా," అన్నాడు. "చూపించు. నేనేం చేస్తున్నానో నేనెప్పుడూ చూడలేదు."

బల్ల మీద పాలు పోసిన గిన్నెను పక్కకు జరిపి ఫెబీ లాప్‌టాప్ పెట్టింది. కోయని వీడియో తెరిచి, బంతి కదలడానికి నాలుగు సెకన్ల ముందుకు తెచ్చి, నొక్కింది.